మీ బిడ్డ వివరాలు అమ్మకానికి కాదు



కొంతకాలం కిందట నర్సంపేట వైపు పల్లె నుండి ఒక తల్లి మా ప్రసూతి విభాగానికి వచ్చింది. ఓపీ చీటీ తీసుకోలేదు. తిన్నగా డ్యూటీ సిస్టరు దగ్గరకు వచ్చి నిలబడింది. ఆమెకు నెలలు నిండకముందే కాన్పు జరిగింది. బాబు నాలుగో రోజున చనిపోయాడు. ఆ సంగతి మా వార్డులో అందరికీ గుర్తే. ఆమె తన ఫోను చూపించి ఇలా అడిగింది: "సిస్టరమ్మా, నిన్న ఎవరో ఫోన్ చేసిన్రు. మీ బాబుకు నెలన్నర నిండింది గదా, శుభాకాంక్షలు అన్నరు. డబ్బా పాల మీద ఆఫరు ఉన్నదన్నరు. నా కొడుకు పుట్టిన సంగతి వాళ్లకెట్ల తెలిసింది? పుట్టింది తెలిసినోళ్లకు పోయింది తెల్వదా?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాము. ఆమెతోపాటు మేమూ కన్నీళ్లు పెట్టుకున్నాము. ఆమె వెళ్లిన తరువాత మాత్రం ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఈ సంచికలో దాని గురించే మీతో మాట్లాడదలిచాము.

ఒక్క ఫోను నంబరు ఎన్ని చేతులు మారుతుంది?

ఆ తల్లి గర్భవతిగా ఉన్నప్పటి నుండి తన పేరు, నంబరు ఎక్కడెక్కడ ఇచ్చిందో ఆమెనే అడిగి తెలుసుకున్నాము. స్కానింగ్ సెంటరు, రక్తపరీక్షల ల్యాబు, మందుల దుకాణం, మా రిజిస్ట్రేషన్ కౌంటరు, చంటిపిల్లల బట్టల దుకాణంలో లక్కీ డ్రా కూపను, వారం వారం బిడ్డ ఎదుగుదల చెప్పే ఫోను యాప్. ఇవన్నీ కలిపి ఆరు చోట్లు. వీటిలో ఎక్కడి నుండి వివరాలు బయటికి పోయాయో మేము కనుక్కోలేకపోయాము. ఎవరినీ నిందించే ఆధారం మా దగ్గర లేదు. అయితే అందులో మా చోటు కూడా ఒకటి అన్న మాట నిజం.

అమ్మేవారికి పిల్లల వివరాలంటే ఎందుకంత ఆశ? పెద్దల నంబరుతో పాటు బిడ్డ పుట్టిన తేదీ కూడా దొరికితే, ఆ ఇంటికి ఎప్పుడు ఏమి అవసరమవుతుందో ముందే లెక్క కట్టవచ్చు. కాన్పుకు ముందు బొడ్డుతాడు రక్తం నిల్వ చేస్తామని ఫోను. కాన్పయ్యాక డబ్బా పాలు. ఆరో నెలలో పొడి ఆహారం. ఏడాదికి ఫోటో స్టూడియో, చదువుల పేరుతో బీమా పాలసీ. మూడేళ్లకు ప్లే స్కూలు. ఆ తరువాత ఎత్తు పెంచే పొడులు, జ్ఞాపకశక్తి టానిక్కులు. పదిహేనేళ్లకు ఇంటర్ కాలేజీలు. అందుకే ఒకసారి తయారైన జాబితా పాతబడదు. బిడ్డతో పాటే అదీ పెరుగుతుంది.

పదో తరగతి పిల్లలున్న ఇళ్లవారికి ఇది కొత్త సంగతి కాదు. పరీక్షలు ఇంకా పూర్తికాకముందే కొన్ని కాలేజీల పీఆర్వోలు ఫోన్ చేసి, పిల్లవాడి పేరు, బడి పేరు, తండ్రి పేరు చెప్పి మరీ మాట్లాడతారు. ఒక్కొక్కసారి ఇంటికే వస్తారు. ఈ వివరాలు ఎవరిచ్చారని అడిగితే నవ్వి మాట దాటవేస్తారు. మనం కూడా "అందరికీ వస్తున్నాయి కదా" అని ఊరుకుంటాము.

మన రాష్ట్రంలోనే బయటపడిన వ్యాపారం

ఇది మన ఊహ కాదు. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఏడుగురిని అరెస్టు చేశారు. వారి దగ్గర 16.8 కోట్ల మంది వ్యక్తిగత సమాచారం, 140 రకాల జాబితాలుగా విడదీసి ఉన్నట్టు పోలీసులు ప్రకటించారు. వాటిలో నీట్ పరీక్ష రాసే విద్యార్థుల జాబితా కూడా ఉంది. 50,000 మంది వివరాలను 2,000 రూపాయలకే అమ్మినట్టు తేలింది. లెక్క వేసి చూడండి, ఒక్కొక్కరి వివరాల ధర నాలుగు పైసలు.

మరికొద్ది రోజులకే, 2023 ఏప్రిల్ మొదట్లో, అదే పోలీసులు హర్యానాలోని ఫరీదాబాద్ నుండి వ్యాపారం నడుపుతున్న మరొకరిని అరెస్టు చేశారు. అతని దగ్గర 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల సమాచారం ఉందని చెప్పారు. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే కంపెనీల విద్యార్థుల వివరాలు కూడా అందులో ఉన్నాయి. చీకట్లో జరిగే ఈ వ్యాపారాన్ని మన తెలంగాణ పోలీసులే వెలుగులోకి తెచ్చారు. అందుకు వారిని అభినందించాలి.

అంతకు ముందు, 2022 డిసెంబరులో, జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ అధ్యక్షులు ప్రియాంక్ కానూంగో మరో మాట బయటపెట్టారు. బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీ పిల్లల, తల్లిదండ్రుల ఫోను నంబర్లు కొని, వెంటబడి, కోర్సు కొనకపోతే పిల్లల భవిష్యత్తు పాడవుతుందని భయపెడుతోందని తమకు తెలిసిందన్నారు. కంపెనీ అధిపతికి నోటీసు పంపించారు. తాము నంబర్లు కొనడం లేదని కంపెనీ ఆ ఆరోపణను ఖండించింది. 2024లో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఏ కంపెనీ గురించైనా తల్లిదండ్రులు ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. కంపెనీ మూతపడవచ్చు గాని, మన పిల్లల పేర్లున్న జాబితా దానంతట అదే చెరిగిపోదు.

ఇది మన దేశానికే పరిమితం కాదు. కరోనా కాలంలో పిల్లల చదువు కోసం ప్రభుత్వాలు సూచించిన యాప్‌లను హ్యూమన్ రైట్స్ వాచ్ అనే సంస్థ 49 దేశాలలో పరిశీలించింది. 2022 మే నెలలో వెలువడిన ఆ నివేదిక ప్రకారం, పదింటిలో దాదాపు తొమ్మిది యాప్‌లు పిల్లల వివరాల విషయంలో వారి హక్కులకు ముప్పు కలిగించే విధంగా పనిచేశాయి. అమెరికాలో 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించరాదని 1998లోనే చట్టం చేశారు. ఆ చట్టాన్ని మీరినందుకు 2019లో యూట్యూబ్, దాని యజమాని గూగుల్ 17 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

ఆసుపత్రి పత్రికలో ఈ సంగతి ఎందుకు?

కొందరు పాఠకులు ఈ ప్రశ్న అడగవచ్చు. దీనికీ బిడ్డ ఆరోగ్యానికీ దగ్గరి సంబంధం ఉంది.

కాన్పయిన మొదటి వారాలలో తల్లికి నిద్ర ఉండదు, ఒంట్లో శక్తి ఉండదు. పాలు సరిపోతున్నాయో లేదో అన్న బెంగ ప్రతి తల్లికీ ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలో ఒక తీయని గొంతు ఫోనులో పలకరించి, బిడ్డ పేరు చెప్పి, "బరువు పెరగాలంటే ఇది పట్టండి" అంటే ఆమె మనసు చలించడం సహజం. డబ్బా పాలు మొదలుపెడితే బిడ్డ రొమ్ము పట్టడం తగ్గుతుంది. పట్టడం తగ్గితే పాలు పడడం కూడా తగ్గుతుంది. నీళ్లు, సీసా శుభ్రంగా లేని ఇంట్లో విరేచనాలు పట్టుకుంటాయి. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేమీ అవసరం లేదని మేము వార్డులో వందసార్లు చెప్పిన మాటను ఒక్క ఫోను కాల్ తుడిచివేయగలదు.

అందుకే మన దేశంలో 1992లోనే ఒక చట్టం చేశారు. 2003లో దానిని మరింత గట్టి చేశారు. దాని ప్రకారం రెండేళ్లలోపు పిల్లల డబ్బా పాలకు, పిల్లల ఆహారానికి, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వరాదు. ఉచిత శాంపిళ్లు పంచరాదు. అమ్మకం పెంచుకోవడానికి గర్భవతులను గాని, పసిబిడ్డల తల్లులను గాని కలవరాదు, సంప్రదించరాదు. అంటే ఆ తల్లికి వచ్చిన ఫోను మర్యాద తప్పినది మాత్రమే కాదు, చట్టం తప్పినది కూడా.

బొడ్డుతాడు రక్తం విషయంలోనూ ఇలాంటి ఫోన్లే గర్భవతులకు వస్తుంటాయి. బిడ్డకు ముందుముందు ఏ జబ్బు వచ్చినా అదే కాపాడుతుందన్నట్టు చెప్పి వేల రూపాయలు కట్టించుకుంటారు. కాని బిడ్డ తన సొంత వాడకం కోసం అలా దాచుకోవడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలలో స్పష్టంగా చెప్పింది. భయపెట్టి అమ్మేవారికి మన నంబరు దొరికితే, అప్పు చేసైనా డబ్బు కట్టే కుటుంబాలు మన మధ్య ఉన్నాయి.

చట్టం ఏమంటున్నది?

మనిషి సొంత విషయాల గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ హక్కు పిల్లలకు కూడా ఉంటుంది. దాని తరువాత 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది. అందులో పిల్లల గురించిన ముఖ్యమైన మాటలు ఇవి.

18 ఏళ్లు నిండనివారందరూ పిల్లలే. వారి వివరాలు వాడుకోవడానికి ముందు తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి. ఆ సమ్మతి ఇచ్చింది నిజంగా తల్లో తండ్రో అని సరిచూసుకోవాలి. పిల్లలు ఏమి చూస్తున్నారో, ఏమి చేస్తున్నారో వెంబడించి గమనించరాదు. వారికి గురిపెట్టి ప్రకటనలు చూపరాదు. వారి క్షేమానికి హాని చేసే విధంగా వివరాలు వాడరాదు. ఈ బాధ్యతలు తప్పితే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు, వివరాలు చెరిపివేయమని అడిగే హక్కు కూడా మనకు ఉన్నాయి.

ఈ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థలు సిద్ధపడడానికి 18 నెలల గడువు ఇచ్చి, పైన చెప్పిన ముఖ్యమైన భాగాలకు 2027 మే నెలను అమలు గడువుగా పెట్టారు. బిడ్డ ఆరోగ్యాన్ని కాపాడడానికి ఎంత అవసరమో అంతవరకు ఆసుపత్రులకు, వైద్యులకు కొన్ని మినహాయింపులు ఇచ్చారు. ఆ మినహాయింపు వైద్యం కోసమే. అది అమ్ముకోవడానికి ఇచ్చిన అనుమతి కాదు.

ముందుగా మా ఇల్లు చక్కబెట్టుకున్నాము

ఆ తల్లి వెళ్లిన వారంలోనే మేము మా వార్డులన్నీ కొత్త కళ్లతో చూశాము. చూస్తే సిగ్గు వేసింది. కాన్పుల రిజిస్టరు కౌంటరు మీద తెరిచే ఉంటోంది. పేరు, ఊరు, నంబరు, కాన్పు తేదీ, మగబిడ్డా ఆడబిడ్డా అన్నీ అందులోనే. బిస్కెట్ల ప్యాకెట్టు పట్టుకుని వచ్చే కంపెనీ ప్రతినిధి రెండు నిమిషాలు నిలబడితే ఫోనులో ఫోటో తీసుకోవచ్చు. మంచాల దగ్గర వేలాడే అట్టల మీద కూడా ఫోను నంబరు రాస్తున్నాము. పాడైన కాగితాలు చింపకుండానే పాత కాగితాల వాడికి వేస్తున్నాము. ఎవరూ చెడు ఉద్దేశంతో చేయలేదు. "ఎప్పటి నుండో ఇలాగే ఉంది కదా" అనే అలవాటు, అంతే.

ఇప్పుడు రిజిస్టరు తాళం వేసిన సొరుగులో ఉంటుంది. మంచం అట్ట మీద నంబరు రాయడం మానేశాము. కంపెనీ ప్రతినిధులకు ప్రసూతి, పిల్లల వార్డులలోకి ప్రవేశం లేదు. పాత కాగితాలు చింపిన తరువాతే బయటికి పోతాయి. కౌంటరులో నంబరు అడిగినప్పుడు దేనికో చెప్పాలని సిబ్బందికి నేర్పించాము. బిడ్డను కోల్పోయిన తల్లుల పేర్లు, టీకాలు గుర్తుచేసే మా సొంత జాబితాలో నుండి కూడా అదే రోజున తీసివేస్తున్నాము.

సంఘంలో కూడా ఇదే పని చేయాలని కాపరులను, సండే స్కూలు టీచర్లను కోరుతున్నాము. వేసవి బైబిలు తరగతుల ఫారాలలో పిల్లల పుట్టినరోజు, బడి, తల్లిదండ్రుల నంబర్లు అన్నీ ఉంటాయి. తరగతులు అయిపోయాక ఆ కట్టలు ఎవరింట్లో ఉంటున్నాయి? బిడ్డ ప్రతిష్ఠ ఆరాధన ఫోటోను ఊరంతా చూసే వాట్సాప్ గ్రూపులో ఇంటి చిరునామాతో సహా పెట్టడం అవసరమా? ఒక్కసారి ఆలోచించండి.

తల్లిదండ్రులు చేయవలసినవి

1. బిడ్డ వివరాలు అడిగిన ప్రతి చోట మూడు ప్రశ్నలు వేయండి: ఇది దేనికి? ఎవరు చూస్తారు? ఇవ్వకపోతే పని ఆగుతుందా? దుకాణంలో బిల్లు వేయడానికి బిడ్డ పుట్టిన తేదీ అక్కరలేదు.

2. ఎగ్జిబిషన్లలో, దుకాణాలలో లక్కీ డ్రా కూపన్లు, "ముద్దుబిడ్డల పోటీ" ఫారాలు నింపకండి. బహుమతి ఒకరికే వస్తుంది. నంబరు మాత్రం అందరిదీ పోతుంది.

3. ఆధార్ జిరాక్సు ఇవ్వవలసి వస్తే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందా అని అడగండి. జిరాక్సు మీద అడ్డంగా తేదీ, ఎందుకు ఇస్తున్నారో రాయండి. జిరాక్సు షాపు వారికి ఫోనులో పంపిన కాపీని అక్కడే చెరిపించండి.

4. పిల్లల చేతికి ఫోను ఇచ్చినప్పుడు ఆటల యాప్‌లు ఏమేమి అనుమతులు అడుగుతున్నాయో మీరు చూడండి. బొమ్మలకు రంగులు వేసే ఆటకు మీ ఫోనులోని నంబర్లు, మీరున్న చోటు తెలియవలసిన పని లేదు.

5. అమ్మకపు ఫోన్లు ఆపడానికి 1909కి ఫోన్ చేయండి, లేదా START 0 అనే ఇంగ్లీషు మెసేజ్ అదే నంబరుకు పంపండి. అయినా ఫోన్లు వస్తే, వచ్చిన నంబరు, తేదీ రాసుకుని వెంటనే అక్కడే ఫిర్యాదు చేయండి. డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పండి.

6. పీఆర్వో అయినా, సేల్స్ అమ్మాయి అయినా, "మా నంబరు మీకు ఎవరిచ్చారు?" అని అడగండి. కోపపడనవసరం లేదు. వారు కూడా పొట్టకూటి కోసం పనిచేసేవారే. కాని "మా వివరాలు మీ జాబితాలో నుండి తీసివేయండి" అని స్పష్టంగా చెప్పండి.

దాచకూడని చోటు కూడా ఉంది

ఇదంతా చదివి, ఇక ఎక్కడా నిజమైన నంబరు ఇవ్వవద్దని మాత్రం అనుకోకండి. ఆ భయంతోనే ఒక కుటుంబం మా కౌంటరులో తప్పు నంబరు రాయించింది. బిడ్డ పుట్టినప్పుడు తీసిన రక్తపరీక్షలో థైరాయిడ్ లోపం ఉన్నట్టు తేలింది. ఇది మొదటి రెండు వారాలలోనే మందు మొదలుపెట్టవలసిన జబ్బు. ఆలస్యమైతే బిడ్డ బుద్ధి ఎదుగుదల దెబ్బతింటుంది. మందు మాత్రం చవకైన చిన్న మాత్ర. మేము ఫోన్ చేస్తే ఎవరో తెలియని మనిషి ఎత్తాడు. రెండు రోజులు వెతికాము. చివరికి ఆ ఊరి ఆశా కార్యకర్త ఇల్లు కనుక్కుని తల్లినీ బిడ్డనూ వెంటబెట్టుకుని వచ్చింది. పాప ఇప్పుడు బాగుంది. ఆ రెండు రోజులు మా సిస్టర్లకు నిద్ర లేదు.

కాబట్టి వైద్యునికి, నర్సుకు, టీకాలు వేసే ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు నిజమైన వివరాలే ఇవ్వండి. పుట్టుకను 21 రోజులలోగా నమోదు చేయించండి. టీకాల కార్డు భద్రంగా దాచుకోండి. ఆ వివరాలు బిడ్డ ప్రాణానికి కాపలా. వాటిని నమ్మి మా చేతిలో పెట్టినప్పుడు, వైద్యం తప్ప మరి దేనికీ వాడకుండా కాపాడే బాధ్యత మాది. అది మేము చేసే ఉపకారం కాదు, మీకు మేము బాకీపడిన పని.

మా కౌంటరులో గాని, వార్డులో గాని మీ బిడ్డ వివరాలు నిర్లక్ష్యంగా పడి ఉండడం చూస్తే మొహమాటపడకండి. అక్కడున్న సిస్టరుకు చెప్పండి. లేదా ఓపీ దగ్గరున్న సూచనల పెట్టెలో చీటీ రాసి వేయండి. పేరు రాయనక్కరలేదు.

నర్సంపేట వైపు నుండి వచ్చిన ఆ తల్లి ప్రశ్నకు ఈనాటికీ మా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆమె మళ్లీ గర్భవతి అయింది. ఈ మధ్య మొదటి పరీక్షకు మా దగ్గరకే వచ్చింది. కౌంటరులో నంబరు అడిగితే ఒక్క క్షణం ఆగి, "ఇది మీ దగ్గర్నే ఉంటది గదా?" అని అడిగింది.

ఉంటుందమ్మా అని చెప్పాము. ఆ మాట నిలబెట్టుకోవడం ఇప్పుడు మా పని.